సహకారం

సెప్టెంబర్ 21 దగ్గర పడుతోందంటే మా తెలుగు మాస్టారికి ఫోన్లు మొదలవుతాయి. ఆ రోజు గురజాడ జయంతి. హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారికి ‘కన్యాశుల్కం’ దాదాపు కంఠతా వచ్చు. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన నాటకం, 1909లో ఇంచుమించు కొత్త నాటకమై మళ్ళీ వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని ఆయన పట్టుదల. గిరీశం మాటలు ఎవడైనా వల్లిస్తాడు, పీఠికలు చదివినవాడే గురజాడని చదివినట్టు అని కూడా అంటూంటారు.

అయినా ఏ సభకీ ఆయన్ని వేదిక మీదికి పిలిచినవాళ్ళు లేరు. ఫోన్లన్నీ, “మాస్టారూ, ఉపన్యాసంలో చెప్పడానికి ఓ మంచి ముక్క ఇవ్వండి” అనే.

ఈసారి వచ్చిన ఫోను వేరు.

“నమస్కారం మాస్టారూ! గురజాడ పేరు మీద మా సంస్థ ఇచ్చే పురస్కారానికి ఈ ఏడు మిమ్మల్ని ఎంపిక చేశామండి.”

మాస్టారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. పండితుల్లో చాలామంది గ్రాంథికమే పట్టుకు వేలాడుతున్న రోజుల్లో, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వాడుకభాష పక్షాన అసమ్మతి పత్రం రాసిచ్చిన మనిషి గురజాడ. ఆ మరుసటి ఏడే, 53 ఏళ్ళకే పోయాడు. అటువంటివాడి పేరు తన పేరు పక్కన చేరుతుందంటే మాస్టారికి గొంతు పట్టుకుపోయింది.

“నాకెందుకు బాబూ? పాఠాలు చెప్పడం తప్ప నేను రాసిందేమీ లేదే!”

“అదేనండి సాహిత్య సేవంటే. కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.”

“కమిటీలో ఎవరెవరున్నారు?”

“ప్రస్తుతానికి నేనేనండి.”

మాస్టారు నవ్వుకున్నారు. పోనీలే, ఒక్కడైనా గుర్తించాడు అనుకున్నారు.

“మరి సహకారం సంగతి కూడా మాట్లాడేసుకుంటే...” అన్నాడు కార్యదర్శి. “మా దగ్గర మూడు రకాలున్నాయండి. శాలువా, జ్ఞాపిక, సన్మానపత్రం అయితే ఆరు వేలు. కిరీటం కూడా అంటే తొమ్మిది. ముఖ్య అతిథి పక్కన కుర్చీ, పేపర్లో ఫొటో, మీ ఇంట్లోవాళ్ళు నలుగురికి భోజనాలు కలిపి పదిహేను. అందరూ ఇస్తున్నదేనండి. మేం డబ్బు అనం, సహకారం అంటాం.”

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అడిగారు.

“కన్యాశుల్కం చదివావా బాబూ?”

“అయ్యో, చూశానండీ! రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి!”

“అది 1955 నాటి సినిమా. నేనడిగేది పుస్తకం. పోనీ, మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న పీఠిక సంగతి చెబుతాను, విను. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మల ఇళ్ళల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళకి జాబితా రాయించాడు. తేలినవే 1034. ఆడపిల్లని అమ్ముకున్నామని పైకి ఒప్పుకునేవాళ్ళెవరు? తేలనివి ఇంకెన్నో. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. వింటున్నావా?”

“వింటున్నానండి.”

“ఏడాది పిల్లలు ముగ్గురు. పెళ్ళంటే ఏమిటో కాదు, ఇంకా ‘అమ్మా’ అనడమైనా సరిగ్గా రాని పసికూనలు. వాళ్ళకి ఎంత పలికిందో తెలుసా? తలకి 350 నుంచి 400 రూపాయలు!”

అవతల చప్పుడు లేదు. మాస్టారి గొంతు పెరిగింది.

“మనిషికి వెల కట్టడం చూడలేక కడుపు మండి రాసిన నాటకమయ్యా అది! పిల్లని కొనుక్కోబోయిన లుబ్ధావధాన్లకి ఆడవేషం వేసిన కుర్రాణ్ణి అంటగట్టించి ఊరంతటినీ నవ్వించాడంటే, ఆ నవ్వు వెనక ఈ లెక్కంతా ఉంది. అలాంటివాడి పేరు చెప్పి, అతని పుట్టినరోజు పూట, కిరీటంతో ఇంత, కిరీటం లేకుండా ఇంత అని నువ్వు నాకు వెల చెబుతున్నావు. కాస్త ఆలోచించుకో నాయనా.”

అవతలివాడు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఎక్కదనుకున్న పాఠం మొద్దు కుర్రాడికి ఎక్కే ముందు క్లాసులో అలాంటి నిశ్శబ్దమే ఉంటుందని మాస్టారికి అనుభవం. ఆయన మనసు కరిగింది. గొంతు తగ్గించి, “అర్థమైందా?” అన్నారు.

“అర్థమైంది మాస్టారూ,” అన్నాడు కార్యదర్శి నొచ్చుకుంటూ. “మీరు పెద్దవారు, ఇంతగా చెప్పాక కాదనలేను. కిరీటం రేటుకే అతిథి పక్కన కుర్చీ వేయిస్తాను. అంతేగాని 350కి ఈరోజుల్లో శాలువా కూడా రాదండి!”