మిలిటరీ మామ ఒరిజినల్ తుపాకి

ఉదయగిరి, ఆత్మకూరు తట్టు పల్లెల్లో మిలిటరీ మామ లేని ఊరు వెతికినా దొరకదు. పటాలంలో సర్వీసు ముగించుకుని, నల్లరంగు ఇనప్పెట్టెతో ఊళ్లో దిగుతాడు. దుత్తలూరు సెంటర్లో టీ తాగుతూ టైము అడిగినా ‘సత్రా సౌ’ అంటాడు. అడిగినవాడు వేళ్లు లెక్కపెట్టుకుని సాయంత్రం అయిదని తేల్చుకోవాలి.

ఈ మామల్లో లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ల తీరే వేరు.

అలాంటి మామొకడు ఆదివారం పొద్దున అరుగు మీద గోతం పరిచి రైఫిలు బయటికి తీస్తాడు. పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగుతాడు. చిందీ తెల్లగా వచ్చిందాకా ఎవరూ పలకరించకూడదు. తర్వాత చెక్కకు అవిసె నూనె. ఆ వాసన మధ్యాహ్నం పప్పులో కూడా వస్తోందని అత్త గోల.

రైఫిలు ఇషాపూర్ ఫ్యాక్టరీ వారి .315. బోల్టు అచ్చం సైన్యం వాడిన పాత త్రీ నాట్ త్రీ రైఫిలుదే. కానీ ముందు చెక్క సగంలోనే ఆగి గొట్టం బయటపడి ఉంటుంది. త్రీ నాట్ త్రీకైతే మూతిదాకా చెక్కే, చివర బాయొనెట్ తగిలించే ఇనప టోపీ. ఇది చూసినప్పుడల్లా మామ ప్రాణం ఉసూరుమంటుంది. “ఎవుడో కోసేసినాడు అబ్బయా. ఒరిజినల్‌గా చేపియ్యాల!”

ఎవడూ కొయ్యలేదు. త్రీ నాట్ త్రీ తూటా సైన్యానిది, మామూలు జనం చేతికి ఇవ్వకూడదన్నది తెల్లదొరల కాలం నుంచీ ఉన్న కట్టుబాటు. అందుకే జనం కోసం .315 వచ్చింది. సిపాయి రైఫిల్లో పది తూటాలు పడితే, ఇందులో అయిదు. మామ తుపాకి పుట్టడమే పొట్టి చెక్కతో పుట్టింది.

ఇంకో సంగతి. 1962లో చైనా యుద్ధంలో మనవాళ్లు మోసింది త్రీ నాట్ త్రీ. ఆ తర్వాత ఎస్సెల్లార్ రైఫిలు వచ్చింది. మామ చేరింది 1983లో, అదీ రేషన్ గోదాములో. త్రీ నాట్ త్రీని ఆయన తాకింది కాలేజీ ఎన్‌సీసీలోనే. అది కూడా పేలకుండా గొట్టానికి బెజ్జం వేసిన డ్రిల్లు తుపాకి. అయినా 2020 రిపబ్లిక్ డే నాడు ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికారని పేపర్లో చదివి, ఆ పూట టీ ముట్టలేదు.

మేనల్లుడు యూట్యూబులో అమెరికా వాళ్లను చూపించాడు. యుద్ధాల తర్వాత చవగ్గా దొరికిన మిలిటరీ రైఫిళ్లను అక్కడ జింకల వేటకని చెక్క కోసి తేలిక చేసుకున్నారు. ఇప్పుడు వాటికే పాత చెక్క వెతికి తొడుగుతున్నారు. గొట్టం కొయ్యకపోతే తొడగొచ్చు, కోసేసి ఉంటే తుపాకి విలువ కన్నా ఖర్చెక్కువని అక్కడి పెద్దల మాట. మామకు మొదటి సగమే వినబడింది.

కొలతలు కాయితం మీద గీసుకుని ఉదయగిరి పోయాడు. దుర్గం కొండల నర్ది, బిక్కి చెక్కతో చెంచాలు, ఫోర్కులు చెక్కే పనివాళ్ల ఊరది. కాయితం చూసిన పనివాడు దాన్ని భద్రంగా మడిచి మామ జేబులోనే పెట్టాడు. “గరిటెలైతే ఎన్నైనా చేస్తా సార్. తుపాకి పనికి నాకు లైసెన్సు ఎవురిస్తారు?” అతని మాట నిజం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి రిపేరుకూ లైసెన్సు ఉండాలి.

ఇంతలో 2024 ఎన్నికల కోడ్ వచ్చింది. తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. మామ దాన్ని దుప్పట్లో చుట్టి ఇచ్చి, తడి తగలనియ్యొద్దని కానిస్టేబులుకు మూడుసార్లు చెప్పాడు.

తిరిగొచ్చాక లైసెన్సున్న డీలరు ముందు పెట్టి, ఒరిజినల్‌గా చెయ్యమన్నాడు. డీలరు అటూ ఇటూ తిప్పి చూసి, “ఒరిజినల్‌గానే ఉంది కదా సార్,” అన్నాడు.

మామ కాసేపు మాట్లాడలేదు. “అయితే బెల్టన్నా మిలిటరీది వెయ్యి,” అన్నాడు చివరికి. బెల్టు ఖాకీదా, ఆలివ్ గ్రీనుదా అన్న తగువు దుత్తలూరు సెంటర్లో ఇంకా నడుస్తోంది.