తెలిసిన రోగము, తీరిన గడువు

నరుని నొసట బ్రహ్మ వ్రాసిన ఆయుర్దాయమెంతయో నరునకు తెలియదు గాని, అతడు అప్పుచేసి కొన్న మోటారుకారు ఇంజనునకు ఎంతకాలము పూచీ కలదో మాత్రము కంపెనీవారు కొన్ననాడే ఒక చిన్న పుస్తకములో అచ్చువేసి, మూడేండ్లు గాని లక్ష కిలోమీటర్లు గాని, ఏది ముందైన అది యని విస్పష్టముగా వ్రాసి, చేతిలో పెట్టి, మిఠాయి తినిపించి, తాళముతో ఫొటో తీయించి పంపెదరు. దాపరికము లేకుండుటలో వీరు బ్రహ్మను మించినవారని ఒప్పుకొనక తప్పదు. అయితే బ్రహ్మవ్రాతకు లేని విశేషమొకటి ఈ వ్రాతకు కలదు. గడువులోపల బయటపడిన రోగమునకు వీరే వైద్యులు. గడువు తీరిన మరునాడు అదే రోగికి వీరు కనీసము బంధువులైనను కారు.

పల్నాడు జిల్లాలో, నల్లమల అడవుల చేరువన, వెల్దుర్తి యను మండలకేంద్రము కలదు. అచ్చట మిరప పండించు మా బావగారొకరు, గుంటూరు యార్డులో ధర బాగుగా పలికిన యొక సంవత్సరమున, ఇంటిల్లిపాది పోరు పడలేక ఒక డీజిలు కారును కొని, మాచర్ల చెన్నకేశవస్వామి గుడిముందు పూజ చేయించి, నాలుగు చక్రములక్రింద నాలుగు నిమ్మకాయలు నలిపించి, ఊరిలోనికి తోలుకొని వచ్చిరి. కారు మంచిదే. మెత్తగా నడచెడిది, పల్నాటి వైశాఖపుటెండను సైతము దాని ఏ.సి. లెక్కచేసెడిది కాదు. దానికున్న దురభ్యాసమొక్కటే: డీజిలుతో తృప్తి చెందక ఇంజను ఆయిలును కూడ త్రాగ మొదలిడెను. అది మొదలు మా బావగారు ప్రతి ఉదయమును కాఫీకంటె ముందు బానెట్టు ఎత్తి, ఆయిలు చూచు కమ్మిని లాగి, భుజముమీది తుండుగుడ్డతో తుడిచి, మరల దించి, మరల లాగి, రెండు గాట్లనడుమ తడి ఎందాక నిలిచినదో తూర్పుదిక్కునకెత్తి చూచుట నిత్యకర్మలలో చేర్చుకొనిరి. సూర్యునకు అర్ఘ్యమిచ్చుచున్నారని వీధివారు కొంతకాలము భ్రమపడిరట.

పూచీ సజీవముగా నున్న దినములలోనే ఆయన షోరూమునకు పోయి మొరపెట్టుకొనిరి. మెడలో టై, చేతిలో ట్యాబు ధరించిన సర్వీసు అడ్వైజరు చిరునవ్వుతో, "అది మామూలే సార్. ఈ మోడల్ అన్నిటికీ ఉంటది. కొద్దిగా ఆయిల్ తాగుద్ది. టాపప్ చేసుకుంటే సరిపోద్ది," అని చెప్పి, బండి కడిగించి పంపెను. పూచీ కాలధర్మము చెందిన కొలదిదినములకు ఇంజనులో కటకట శబ్దము పుట్టగా బావగారు మరల అచ్చటికే పోయిరి. అదే కుర్చీ, అదే టై, అదే చిరునవ్వు. "ఇట్లాంటి కంప్లయింటు మా దగ్గరకి ఇంతవరకు రాలేదు సార్. మీ బండికే వచ్చింది. ఎట్లా తోలారో, డీజిలు ఎక్కడ కొట్టించారో."

"ఏందయ్యా, అప్పుడేమో అన్నిటికీ ఉంటదంటివి, ఇప్పుడేమో నా ఒక్కడికే అంటివి. ఆ అన్నిట్లోనుంచి నా బండి ఎప్పుడు బయటికొచ్చింది?" అని మా బావగారడిగిన ప్రశ్నకు తర్కశాస్త్రములో సమాధానము లేదు, సర్వీసు సెంటరులోను లేదు. ఇంజను మార్చవలెననియు, ఖర్చు ఇప్పుడు ఆ కారు అమ్మిన వచ్చు ధరలో సగము దాటుననియు, అయినను చిరకాలపు కస్టమరుగనుక గుడ్‌విల్‌క్రింద లేబరు చార్జీలో పది శాతము తగ్గించవలసినదిగా పై ఆఫీసుకు వ్రాసెదమనియు చెప్పిరి. ఆ పై ఆఫీసు ఎచ్చటనున్నదో తెలిసినవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు.

మాచర్లలో వేపచెట్టుక్రింద గ్యారేజి పెట్టుకొన్న మెకానిక్కు మాత్రము ట్యాబు తీయలేదు. స్క్రూడ్రైవరు మొనను నడుచుచున్న ఇంజనుపై ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కన్నులు మూసి ఒక నిమిషము ఆలకించి, "రింగులు పోయినయ్ పెద్దాయనా. ఆయిలు తగ్గి బేరింగులు కొట్టుకుంటన్నయ్. నువ్వు తోలడంలో తప్పేం లేదు, ఈ మోడలు పుట్టుకే అంత," అనెను. చూడుడు: ఈ రోగము మాచర్ల మెకానిక్కునకు తెలియును, ప్రక్కనున్న టీకొట్టువానికి తెలియును, పాతకార్ల బ్రోకరు దానిని ధర తగ్గించుటకై బేరమునకు ముందే తెలిసికొనియుండును, కొలతలు తీసి, పోతపోసి, పరీక్షించి, ముద్రవేసి పంపిన కంపెనీవారికి మాత్రము తెలియదు. తెలియదనుటయు అన్యాయమే. ఒక శుభోదయమున ఆ రింగుల స్పేరుపార్టు నంబరు చివర ఒక అక్షరము మారును. ఆ తరువాత పుట్టిన కార్లు ఆయిలు త్రాగవు. పాపము తెలియనివాడు ప్రాయశ్చిత్తము చేసికొనునా? పుట్టుకతో వచ్చినది పుడకలతోగాని పోదని పెద్దలనిరి. వారంటీతోనే పోవునని కంపెనీవారి విశ్వాసము.

దేశాంతరములలో ఇట్టి జ్ఞానమునకు కొంత వెల కలదు. కొరియావారైన హ్యుందాయ్ కంపెనీ అమెరికాలో అమ్మిన సొనాటా కార్లలో తీటా-2 అను ఇంజను లోపల, క్రాంకుషాఫ్టును చెక్కునప్పుడు రాలిన లోహపు రజను పూర్తిగా తొలగక ఆయిలు దారుల కడ్డుపడి, బేరింగులు అరిగి, కారు నడిరోడ్డుపై నిలిచిపోవుచుండగా, 2015 సెప్టెంబరులో సుమారు 4,70,000 కార్లను, 2017 మార్చిలో కియాతో కలిపి సుమారు 12 లక్షల కార్లను వెనుకకు పిలువవలసి వచ్చెను. కోర్టు దావాల ఒత్తిడికి తలయొగ్గి, అక్కడి కొనుగోలుదారులకు ఆ ఇంజనుపై జీవితకాలపు పూచీ నిచ్చిరి. లోపము సంగతి అమెరికా ప్రభుత్వమునకు చెప్పిన కంపెనీ ఇంజనీరునకు 2021 నవంబరులో ఆ ప్రభుత్వమువారు 2.4 కోట్ల డాలర్లకు పైబడిన పారితోషికమిచ్చిరి. మన వేపచెట్టు మెకానిక్కు అదే జాతి రహస్యమును నూరు రూపాయలకు చెప్పుచున్నాడు.

మన దేశమున విశేషములు లేకపోలేదు. రోడ్లపై పదేసిమందిని ఎక్కించుకొని తిరిగిన టవేరా బండ్లు మీకు జ్ఞాపకముండును. 2005 మొదలు 2013 వరకు తయారైన సుమారు 1,14,000 టవేరాలను జనరల్ మోటార్స్‌వారు 2013 జూలైలో వెనుకకు పిలిచిరి. పొగ పరీక్షకు మేలైన ఇంజనులను ఏరి పెట్టి, బజారులోనికి వేరువాటిని పంపిరట! పెండ్లిచూపులలో అక్కను చూపించి పీటలపై చెల్లెలిని కూర్చుండబెట్టు విద్య మన పల్లెలకు క్రొత్త కాదు గాని, వారి డెట్రాయిటునకు ఎట్లు చేరినదో తెలియరాదు. 2017 చివరకు వారు ఈ దేశమున కార్ల అమ్మకమే మానివేసిరి.

ఇక చట్టము. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణచేత 110ఎ అను సెక్షను పుట్టి, 2021 ఏప్రిల్ 1 నుండి దాని నియమములు అమలునకు వచ్చినవి. ఒక మోడలులోని లోపము పర్యావరణమునకు గాని, డ్రైవరునకు గాని, లోపలివారికి గాని, దారిన పోవువారికి గాని హాని కలిగించునెడల, నిర్ణీతసంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేసినచో, ప్రభుత్వము కంపెనీచేత కార్లను వెనుకకు పిలిపింపవచ్చును. జేబునకు కలుగు హాని ఆ జాబితాలో లేదు. పైగా కారు వయస్సు ఏడేండ్లు దాటరాదు. ఏడేండ్ల గడువనగా పల్నాటివారి గుండె ఝల్లుమనును: పల్నాటి వీరగాథలో, కోడిపోరున ఓడి ఏడేండ్లు రాజ్యము విడిచి తిరిగిన మలిదేవాదులు, గడువు తీరిన పిమ్మట మా భాగము మాకిండని అలరాజును రాయబారము పంపగా, ఆయనకు దక్కినది విషము. గడువు ముగిసిన తరువాత హక్కులడుగుట ఈ సీమలో ఆనాటినుండియు క్షేమకరము కాదు.

వినియోగదారుల కమిషనుకు పోవచ్చునందురా? పోవచ్చును. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్లలోపల పోవలెను. ఆ కారణము ఎన్నడు పుట్టినదన్నది ఒక వాదము: ఫ్యాక్టరీలో రింగులు తొడిగిన దినముననా, మామూలే సార్ అన్న దినముననా, కటకట మొదలైన దినముననా? తయారీ లోపమని నిరూపింపవలసిన భారము రైతుది. నిరూపించుటకు నిపుణుడు ఇంజను విప్పవలెను. బయటివాడు విప్పిన ఇంజనును తాము గుర్తింపమని కంపెనీవారనెదరు. హైదరాబాదులో 2009 సెప్టెంబరు 25న కొన్న ఒక బి.ఎం.డబ్ల్యు. సెవెన్ సిరీస్ కారు 29వ తేదీకే మొరాయింపగా, పోలీసు కేసు, హైకోర్టు, క్రొత్త కారిమ్మన్న తీర్పు, మాకు కారు వలదన్న కొనుగోలుదారు, వీటినన్నిటిని దాటి సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయలిప్పించి ఆ వివాదమును ముగించుసరికి 2024 జూలై వచ్చెను. నాలుగు దినముల పసికందునకు, అదియును పూచీ నిండుగానున్న కోటీశ్వరపు బిడ్డకు, పదునైదేండ్లు పట్టినవి. వెల్దుర్తి డీజిలు కారునకు ఎన్నేండ్లు పట్టునో లెక్కగట్టుటకు జ్యోతిష్కుడు కావలెను.

బీమావారిని కూడ అడిగిచూచితిమి. ఇంజను దానంతటది చెడిన పాలసీ వర్తింపదట. దొంగ ఎత్తుకొనిపోయిన వర్తించునట. పెనుకొండలోని కియా కర్మాగారమునుండి ఏండ్ల తరబడి సుమారు 900 ఇంజనులు మాయమైనవని 2025 మార్చిలో కంపెనీవారు పోలీసులకు ఫిర్యాదు చేసిన వార్తను పత్రికలో చదివి మా బావగారు పెద్దగా నిట్టూర్చిరి. ఆయన కారు ఆ కంపెనీది కాదు. "ఆ దొంగలకి మనూరి దారి తెలియకపాయె బావా," అనిరి.

తుదకు ఆయనకు ఉపాయము తోచినది. తన జేబునకు సెక్షను లేదుగాని గాలికి కలదు గదా! ఇంజను త్రాగిన ఆయిలు నీలిపొగయై వెల్దుర్తి వాయుమండలమును కలుషితము చేయుచున్నదనియు, కొండదారిలో ఇంజను పట్టివేసినచో వెనుకవచ్చు లారీకి ప్రమాదమనియు వ్రాసి, కేంద్ర రవాణాశాఖ పోర్టలులో మనుమనిచేత ఫిర్యాదు వేయించిరి. తాను అప్పులపాలైన సంగతి అందులో ఎచ్చటను రాలేదు.

ఆ ఫిర్యాదు ఒక్కటే యున్నంతకాలము అది లెక్కకు రాదు. కావున ఆయిలు త్రాగు కార్లున్న యజమానులారా, మీ బండికి ఏడేండ్లు నిండకమునుపే మీ ఫిర్యాదును కూడ అచ్చట వేయుడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు కూడ ఒకమారు ఫోను చేయుడు. పూచీ ఇంకను మిగిలియున్న అదృష్టవంతులు, షోరూములో అది మామూలే సార్ అన్న మాట వినబడిన వెంటనే, ఆ మాటనే జాబ్‌కార్డుపై తేదీతో వ్రాసి సంతకము చేయుమని అడుగుడు. వ్రాయకున్నచో బండిని కడిగించుకొనకుండ అచ్చటనే కూర్చుండుడు.