ఎంటర్ ప్రదక్షిణలు

చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కు తీరినవాళ్లు 108 ప్రదక్షిణలు చేస్తారు. లెక్క తప్పకుండా చేతిలో అంకెల కార్డు ఉంటుంది. చుట్టుకో గుర్తు పెట్టుకుంటూ పోతారు. అదే భక్తుడు మాదాపూర్‌లో ఆఫీసుకొచ్చి జీడీబీ తెరిచాక కార్డూ ఉండదు, లెక్కా ఉండదు. 'నెక్స్ట్' అని ఒక్కసారి కొడతాడు. ఆపైన ఎంటర్, ఎంటర్, ఎంటర్.

జీడీబీ 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రామును ఆపి, వరుస తర్వాత వరుసగా నడిపించి, లోపల ఏం జరుగుతోందో చూపిస్తుంది. అందులో ఏమీ టైపు చేయకుండా ఎంటర్ నొక్కితే కిందటి కమాండే మళ్లీ నడుస్తుంది. వేళ్లకు శ్రమ తగ్గాలని పెట్టిన వసతి అది. మనవాళ్లు దాన్ని బుర్రకు కూడా వర్తింపజేసుకున్నారు.

వెయ్యిమంది బోనస్‌లు కూడే లూపు ఒకటి ఉందనుకుందాం. మొత్తం 214 కోట్ల 74 లక్షలు దాటితే 32 బిట్ల పూర్ణాంకంలో పట్టదు, సాధారణంగా మైనస్‌లోకి పడిపోతుంది. ఆ పడిపోవడం 643వ చుట్టులో. మనవాడు ఎంటర్ మీద వేలు ఆనించి, కళ్లు పెద్దవి చేసుకుని, 600 దాకా బానే లాగుతాడు. ఇంతలో టీ వస్తుంది. కప్పు అందుకుని తలెత్తేసరికి 644. దొంగ దాటిపోయాడు! మళ్లీ 'రన్', మళ్లీ మొదటి చుట్టు. ఏం చేస్తున్నావని పక్క సీటాయన అడిగితే "డీబగ్ చేస్తున్నా అన్నా" అంటాడు, చెమట తుడుచుకుంటూ.

మొత్తం సున్నా కంటే తగ్గితే ఆగమని షరతు పెట్టి ఒక్క 'వాచ్' కొడితే ప్రోగ్రాము తనంతట తానే అక్కడ ఆగుతుంది. ఎన్నో చుట్టో కూడా కావాలా? లూపులో బ్రేక్‌పాయింట్ (ఆగాల్సిన చోటు) పెట్టి, లక్షసార్లు దాటెయ్యమని 'ఇగ్నోర్' చెబితే సరి. ఆగాక 'ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్' అడిగితే 643 అని చెబుతుంది. చిలుకూరు కార్డు ఇక్కడా ఉందన్నమాట. కాకపోతే ఏం వెతుకుతున్నామో ముందు తెలిసుండాలి. అక్కడే వస్తోంది తంటా.

'ప్రింట్ ఐ ప్లస్ ప్లస్' అని కొట్టి అలవాటుగా రెండుసార్లు ఎంటర్ నొక్కేవాళ్లు మరో రకం. చూద్దామని తొంగిచూస్తూనే ఐ విలువను మూడు పెంచేసి, ప్రోగ్రాములో కొత్త బగ్ దొరికిందని సంబరపడతారు.

తయారుచేసినవాళ్లకు ఈ వేళ్ల సంగతి ముందే తెలుసు. అందుకే 'రన్' కొట్టాక ఖాళీ ఎంటర్ దాన్ని మళ్లీ నడపదు. 'లిస్ట్' తర్వాత నొక్కితే చూపించిన పది వరుసలే చూపించకుండా తర్వాతి పదికి వెళుతుంది. పేజీలు పేజీలుగా వచ్చే అవుట్‌పుట్ చూశాక అసలు రిపీటే ఉండదు. అక్కడ జనం ఒక ఎంటర్ ఎక్కువే నొక్కుతారని మాన్యువల్లోనే రాసుకున్నారు పాపం.

వెనక్కి వచ్చే దారీ ఉంది. 2009లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి 'రికార్డ్' పెట్టి నడిపితే 'రివర్స్ నెక్స్ట్'తో ఒక్కో వరుసా వెనక్కి నడవొచ్చు. 644 నుంచి 643కి నాలుగు నొక్కులు చాలు. ఆ కమాండునూ ఎంటర్ రిపీట్ చేస్తుందని మనవాడు కనిపెట్టాడు. ఇందాక చూసినప్పుడు 212 దగ్గర ఉన్నాడు, ఇంకా వెనక్కే పోతున్నాడు.