ముందు సౌండు, తర్వాతే బ్రేకులు

శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల నుంచి మడపాం టోల్‌గేటు దాకా హైవే మీద పాత ఆరెక్స్ హండ్రెడ్ బైకుతో పందెం కట్టాలని మీకు బుద్ధి పుట్టిందనుకోండి. ముందు డబ్బుల లెక్క తేల్చుకోవాలి. బండి మీద పెట్టే డబ్బు రెండు రకాలు. టీకొట్టు దగ్గర నిల్చున్నవాడికి కనబడేది, వినబడేది ఒకటి. వాడికి తెలియకుండా చక్రం లోపలో, చైన్ కవర్ కిందో దాక్కునేది రెండోది. మొదటిదానికి అప్పు చేసైనా పెట్టండి. రెండోదానికి జేబులోంచి రూపాయి తియ్యకండి. ఇంతకుమించి చెప్పడానికి నిజానికి ఏమీ లేదు. కానీ పేజీ నిండాలి కదా, వివరంగా చెబుతాను.

ఇంత చిన్న బండికి ఇంత హంగామా ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వాళ్లకి అమెరికా మజిల్ కార్ల చరిత్ర చెప్పండి. 1964లో వచ్చిన పోంటియాక్ జీటీవో ఇంజిన్ 6.4 లీటర్లు. మన ఆరెక్స్‌ది 98 సీసీ. అరవై అయిదు ఆరెక్స్‌లు కలిపితే ఒక జీటీవో. ఆ కారుకి కూడా నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే ఉండేవి, మన బండికీ డ్రమ్ బ్రేకులే. ఇద్దరిదీ ఒకటే గోత్రమని చెప్పడానికి ఇంకేం రుజువు కావాలి? 1985లో మొదలై 1996లో తయారీ ఆగిపోయిన బండి ఇది. బరువు 103 కిలోలు, బలం 11 హార్స్ పవర్. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న ప్రతి ఆరెక్స్‌కీ వయసు సుమారు ముప్పై ఏళ్లో, అంతకుమించో. మనిషైతే ఆ వయసుకి పెళ్లిచేసి కుదురుగా కూర్చోబెడతాం. బండిని మాత్రం పందెంలో దించుతాం.

మొదటి ఖర్చు సైలెన్సర్. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇందులో ఉన్నంత కథ మరెందులోనూ లేదు. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి సైలెన్సర్ ఒట్టి పొగగొట్టం కాదు. సిలిండర్ లోంచి పొగ బయటపడగానే దానివెంట ఒక ఒత్తిడి అల గొట్టంలో పరుగెడుతుంది. గొట్టం పొట్ట ఉబ్బి మళ్లీ సన్నబడే చోట ఆ అల వెనక్కి తిరుగుతుంది. తిరిగొచ్చి, మండకుండానే బయటికి జారిపోబోతున్న పెట్రోలునీ గాలినీ మళ్లీ సిలిండర్ లోపలికి నెడుతుంది. గొట్టం పొడవు, పొట్ట వెడల్పు, చివరి కన్నం సైజు అన్నీ లెక్కే. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ లెక్క మీదే కూర్చున్నాడు. 1961 నాటికి 125 సీసీ ఇంజిన్‌తో 25 హార్స్ పవర్ తెప్పించాడు. ఆ ఏడాదే అతని రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడన్‌లో రేసుకని వెళ్లి, అటునుంచటే పారిపోయి, ఆ గుట్టంతా జపాన్‌లో సుజుకీ చేతిలో పెట్టాడు. మరుసటేడు సుజుకీ బండి మీదే 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

దేశం విడిచి పారిపోయేంత విలువైన ఆ లెక్కని మనం వెల్డింగ్ షాపులో పది నిమిషాల్లో కోయించేస్తాం. లోపల సౌండుని అణిచిపెట్టే బఫిల్ పీకించేయండి. అల ఎక్కడికి తిరిగిరావాలో తెలియక బయటికే పోతుంది, దాంతోపాటు కొంత పెట్రోలూ పోతుంది, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది. తగ్గనివ్వండి. విజయనగరం గంటస్తంభం దగ్గర మీరు గేరు మారిస్తే మూడు లాంతర్ల జంక్షన్‌లో వినబడాలి, అదీ లెక్క. మీ బండి స్పీడు చూసి ఎవడూ వెనక్కి తిరగడు, సౌండు వినే తిరుగుతాడు.

చేతిలో డబ్బులుంటే బయటినుంచి ఎక్స్‌పాన్షన్ చాంబర్, అంటే పైన చెప్పిన పొట్ట ఉబ్బిన గొట్టమే, తెప్పించుకోండి. అది ఏ బండి కోసం చేశారో అడగకండి. పోర్టులూ కార్బురేటర్ జెట్టూ దానికి సరిపోయేలా మార్చకపోతే అది ఒట్టి మెరిసే రేకు అని కొందరంటారు. అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ ధరకి పది జతల బ్రేకు షూసులు వస్తాయి నిజమే, కానీ బ్రేకు షూసుల్ని సెల్ఫీలో ఎలా చూపిస్తాం?

సైలెన్సర్ అయ్యాక ఎయిర్ ఫిల్టర్ పీకెయ్యాలి. ఖర్చు సున్నా కాబట్టి దీన్ని బడ్జెట్ అప్‌గ్రేడ్ అంటారు. గాలి ఎక్కువొస్తుంది, పెట్రోలు అంతే వస్తుంది, మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. కళింగపట్నం వైపు వెళ్లేటప్పుడు సముద్రం ఇసుక కూడా ఉచితంగా లోపలికి పోతుంది. పెద్ద జెట్టు వేస్తే మిశ్రమం సర్దుకుంటుంది, చాలా చవక కూడా. అందుకే వద్దు. చవక వస్తువు వేసినట్టు తెలిస్తే పరువు పోతుంది. ఆ తర్వాత లేత్ షాపుకెళ్లి సిలిండర్ హెడ్ చెక్కించండి. ఎంత చెక్కాలని లేత్ కుర్రాడు అడిగితే "ఇంకొంచెం" అనండి. కొలత అడిగినవాడిని నమ్మొద్దు. కంప్రెషన్ పెరిగి, టకటక శబ్దం మొదలై, ఒకరోజు పిస్టన్ నెత్తి మీద కన్నం పడుతుంది. ఆ కన్నం ఉన్న పిస్టన్‌ని దాచుకోండి, టీవీ పక్కన పెట్టుకోవడానికి బావుంటుంది.

ఆయిల్ గురించి ఒక్క మాట. కంపెనీవాడు పెట్టిన పంపు ఇంజిన్ తిరిగే వేగాన్నిబట్టి ఆయిల్ పోస్తుంది. దాన్ని తీసేసి ట్యాంకులో చేత్తో కలపండి, కళ్లుమూసుకుని. ఎక్కువైతే పొగ, ప్లగ్గు మసి. తక్కువైతే తొంభై మీద ఇంజిన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో క్లచ్ నొక్కితే చక్రం విడుదలవుతుంది. అది గుర్తొచ్చేలోపు మీరు డివైడర్ మొక్కల్లో ఉంటారు, కాబట్టి నేర్చుకోకపోయినా ఫరవాలేదు.

ఇక బ్రేకులు. మంచి మేస్త్రీ దగ్గరికి వెళ్లడంలో ప్రమాదం ఏమిటంటే అతను నిజం చెబుతాడు.

"ఎనక షూసు అరిగిపోనాయి. మార్సీమంటావేటి బావూ?"

"ఎంతవుద్ది మేస్త్రీ?"

"ఎంతేటి, మూడొందలు."

"అయితే ఒద్దులే. ఆ డబ్బులు పెట్టి టాంకు మీద మంట బొమ్మేయించీ."

ఇలాగే గట్టిగా ఉండాలి. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 28 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె కనబడి, అది గేదేనని మీ బుర్రకి ఎక్కేలోపే ఆ 28 మీటర్లు అయిపోతాయి. అప్పటికింకా మీ కాలు బ్రేకు మీద పడలేదు. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో ఉంది. కానీ పందెం కట్టేవాడెవడూ ఇంటర్ ఫిజిక్స్ మీద కట్టడు. టైర్లదీ ఇదే కథ. అరిగి నున్నబడ్డ టైరుని "రేసుల్లో ఇలాంటివే వేస్తారు" అని సమర్థించుకోండి. వర్షంలో నాగావళి బ్రిడ్జి దిగేటప్పుడు దాని ప్రతాపం మీకే తెలుస్తుంది.

అన్నిటికంటే చవక అప్‌గ్రేడ్ ఒకటుంది. అది చెబితే నాకు శత్రువులు పెరుగుతారు. బండి 103 కిలోలు, మీరు 80 అనుకోండి, మొత్తం 183. మీరు ఎనిమిది కిలోలు తగ్గితే, ఇంజిన్‌ని ముట్టుకోకుండానే అర హార్స్ పవర్ అదనంగా వచ్చినట్టు లెక్క. వేలకు వేలు పోసి తేలికపాటి రిమ్ములు తెప్పించినా అంత రాదు. అయినా రిమ్ములే కొనండి. పెళ్లి భోజనంలో రెండో విడత మానుకోమని చెప్పేవాడు మెకానిక్కూ కాడు, మిత్రుడూ కాడు.

వెనక స్ప్రాకెట్‌కి మూడు నాలుగు పళ్లు ఎక్కువుంటే ఎత్తుడు పెరుగుతుంది, చివరి వేగం తగ్గుతుంది. కొన్ని వందల రూపాయల్లో తేలిపోయే పని, నిజంగా పనికొచ్చేది కూడా. కాబట్టి దీని గురించి ఇక మాట్లాడుకోవద్దు.

పోలీసుల పద్దు విడిగా రాసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 182ఎ ప్రకారం బండికి చేసిన ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరునెలల వరకూ జైలు, లేదా రెండూ. రోడ్డు మీద పందెం కడితే 189 కింద మొదటిసారి మూడు నెలల వరకూ జైలు, లేదా 5,000, లేదా రెండూ. కంపెనీ ఇచ్చిన ఆకారం మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖలో పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి రోలర్‌తో తొక్కించారు. దీన్ని నష్టంగా చూడకండి. సైలెన్సర్ కింద పెట్టిన మీ డబ్బు చివరికి రోడ్డు వేసే యంత్రం కిందకే చేరింది, ఊరి బాగుకి ఖర్చయినట్టే.

పిచ్చివాళ్లు కొందరు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచి రేసు ట్రాక్ ఉందని, అక్కడ హెల్మెట్, లెదర్ సూట్ వేసుకుని, అంబులెన్స్ పక్కనుండగా పందెం వెయ్యొచ్చని చెబుతారు. శ్రీకాకుళం నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకి పైనే వెళ్లాలి. వెళ్లినా లాభం లేదు. అక్కడ టైము సెకన్లలో కొలుస్తారు. ఎవడి బండి సౌండు గొప్పదో తేల్చే యంత్రం వాళ్ల దగ్గర లేదు.

ఇక ఆయిల్ తక్కువై పట్టేసిన ఇంజిన్ సంగతి. అది పోయినట్టు కాదు. 50 మిల్లీమీటర్ల బోరుని పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ ఓవర్‌సైజు పిస్టన్లు వేయించవచ్చు. సిలిండర్ గోడ పలచబడి ఇక బోరు కొట్టడానికి ఏమీ మిగలనప్పుడు, బండిని అమ్మేయాలి. ఫోన్‌లో ప్రకటన పెట్టేటప్పుడు అబద్ధం రాయకండి, కొనేవాడు బొబ్బిలివాడో పలాసవాడో, రేపెప్పుడైనా ఎదురుపడతాడు. ఇలా రాయండి: "ఆరెక్స్ హండ్రెడ్, 1994 మోడల్. ఇంజిన్ ఫుల్ రేసింగ్ సెటప్. సైలెన్సర్, హెడ్, కార్బురేటర్, రిమ్ములు అన్నీ మార్చినవి. బ్రేకు షూసులు మాత్రం కంపెనీవే, ఇంతవరకూ ముట్టుకోలేదు."