పిడికిలి డబ్బా

నా ఒంటి మీద ఒక పచ్చటి చెట్టు బొమ్మ ఉండేది. సగం తుప్పు తినేసింది. నాయనమ్మ దాన్ని తాటిచెట్టంటుంది. మనవరాలేమో, కాదు, మట్టల ఆదివారం నాడు గుడికి పట్టుకెళ్లే కొమ్మంటుంది. ఎవరేమన్నా నేను ఒట్టి డాల్డా డబ్బాను. లోపలి సరుకు అయిపోయాక బూడిదతో తోమి, ఎండబెట్టి, పొయ్యి పక్క గూట్లో పెట్టారు. ఆ రోజు నుంచి దేవుడి బియ్యం డబ్బానయ్యాను.

ఎసట్లో బియ్యం పడేముందు ఒక పిడికెడు నాలో పడాలి. ఆ పిడికెడు తీశాకే ఇంటిల్లిపాదికీ ఎంతుందో చూసుకుంటారు. మిగిలితే వేద్దామన్న మాట ఈ ఇంట్లో నేను వినలేదు.

పిడికిళ్లన్నీ నాకు తెలుసు. కోడలిది గట్టి పిడికిలి, ఒక్క గింజ జారదు. నాయనమ్మది వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటుంది. మిరపకాయ కోతల రోజుల్లో అదీ మూసుకోదు. వేళ్లు మండుతుంటే ఆముదం రాసుకుని వచ్చి, సగమే పట్టిందని రెండోసారి ముంచుతుంది. ఆ నెలల్లో నాలోని బియ్యానికి కాస్త ఘాటు. గుడిలో ఎవరూ ఏమీ అనలేదు, అందరి డబ్బాలూ అంతేగా!

నాకు లోకం కనబడేది వారానికి ఒక్కసారి, నాయనమ్మ చంకనెక్కి గుడికెళ్లేటప్పుడు. కార్తీకం పోయాక పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉంటాయి. మాఘ ఫాల్గుణాల్లో కల్లాల నిండా ఎర్రగా కాయలు, ఓ మూల ఆడవాళ్లు ఏరిపోసిన తాలు కాయల కుప్ప. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలిస్తే నాయనమ్మ దాటి దాటి నడుస్తుంది. మిరపపువ్వు తెల్లగా, చిన్నగా, తల కిందికి వేలాడేసి పూస్తుంది. "చూడవే, ప్రార్థనలో ఉంది" అంటుంది మనవరాలితో.

దారిలో ఆవిడ చెప్పే కథ ఒకటే. ధాత కరువులో వాళ్ల ముత్తాత బకింగ్‌హాం కాలువ తవ్వకానికి పోయాడు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు అందులో మూడు మైళ్లకు పైగా పని గుత్తకు తీసుకుని కూలి ఇప్పించాడు. ఆ తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "మా ముత్తాత అందులో ఎన్నోవాడో" అని నాయనమ్మ ప్రతిసారీ ఆగుతుంది. మనవరాలు ప్రతిసారీ ఒక కొత్త అంకె చెబుతుంది.

కోతల పండగకి నేను బియ్యంతో పాటు నాలుగు ఎండుమిరపకాయలు కూడా మోస్తాను. గుడిలో గుమ్మడికాయలకీ కోళ్లకీ వేలం పాట. ఒకసారి తాము ఇచ్చిన కోడిపుంజునే మా వాళ్లు మళ్లీ ధర పెట్టి పాడుకున్నారు. అయ్యగారు నవ్వాపుకోలేకపోయారు.

2021 చివర్లో నల్ల తామరపురుగు వచ్చింది. మిరప పూతలో దూరి పువ్వుల్ని రాల్చింది. కౌలు ఎకరన్నర మీద ఒక్క టిక్కీ బస్తా కూడా సరిగ్గా నిండలేదు. ఒక రాత్రి దీపం లేకుండా నాయనమ్మ నా మూత తీసింది. పిడికిలి లోపలికి కాదు, బయటికి పోయింది. పదకొండు పిడికిళ్లు. తెల్లారి బొగ్గుతో గూటి పక్క గోడ మీద పదకొండు గీతలు గీసింది.

"దేవుడు లెక్క చూస్తాడా నాయనమ్మా?"

"ఆయనెందుకు చూస్తాడే? నేను చూసుకుంటా."

మామూలు పిడికిలి వేశాక, వీలైన రోజున ఇంకోటి వేసి ఒక గీత చెరిపేది. మొన్న మనవరాలు తన వంతంటూ చెయ్యి ముంచింది. ఆ పిడికిట్లో పట్టేదెంత! అత్తా, అది సగం గీతేనంది కోడలు. నాయనమ్మ తడిచేత్తో గీత మొత్తం తుడిచేసింది.

గోడ మీద ఇంకా నాలుగున్నాయి.