కోడి సందేశం (సటీకా తాత్పర్యం)

మూలము

అల్లుడుగారూ, కోడి లేస్తలేదు.
ఎర్రది ఉన్నది, పచ్చది లేదు.
మొన్న రాత్రి మెరుపొచ్చింది.
నేనైతే ఏం ముట్టుకోలే.

అవతారిక

మా మామయ్యగారిది దుమ్ముగూడెం మండలంలో, పర్ణశాల అవతల, అడివంచు ఊరు. వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం పై నాలుగు పాదాలూ వాట్సాప్‌లో ఖమ్మంలో ఉన్న నాకు చేరాయి. దూరాన ఉన్నవాడికి విరహంతో పంపినది గనుక ఇది సందేశకావ్యం. విరహం ‘లవకుశ’ (1963) కోసం. మేఘసందేశానికి సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను గానీ మధ్యలో ఒకటి రెండుసార్లు తప్పాను.

ప్రతిపదార్థము

అల్లుడుగారూ = ఓ జామాతా. ఈ ‘గారు’ పని పడ్డప్పుడే దిగుతుంది, మామూలు రోజుల్లో ‘ఏమయ్యా’. ‘గారూ’ అని గోదావరి మర్యాదతో మొదలుపెట్టి ‘లేస్తలేదు’ అని తెలంగాణ క్రియతో ముగించడం దోషం కాదు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి తర్వాత ఖమ్మంలో కలిసింది. ఆ సంగతి ఇంకా వాక్యాల్లో కనిపిస్తూనే ఉంటుంది.

కోడి = కుక్కుటమని సామాన్యార్థం. నేనూ అలాగే అనుకుని పశువుల డాక్టరు నంబరు వెతికాను. ఇక్కడది సినిమాలు ఆడించే సాఫ్ట్‌వేరు. ఎక్స్‌బాక్స్ అనే ఆటల డబ్బా కోసం పుట్టి, ఎక్స్‌బీఎంసీ అని పిలిపించుకుని, 2014లో ‘కోడి’ అని పేరు మార్చుకుంది. అది మామయ్యగారింట్లో రాస్‌బెర్రీ పై 3 అనే బోర్డు మీద కాపురముంటుంది. ఆ బోర్డు పేకముక్క కంటే పెద్దది కాదు. మొదటి రాస్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న వచ్చింది, ఈ మూడోది 2016 ఫిబ్రవరి 29న. నాలుగేళ్లకోసారి పుట్టినరోజు చేసుకునే వంశం. (ఇది అక్కర్లేనిది. ఒట్టు తప్పడం ఇక్కడ మొదలు.)

లేస్తలేదు = బూట్ కావడం లేదు.

ఎర్రది, పచ్చది = బోర్డు అంచున ఉన్న రెండు చిన్న దీపాలు. ఎర్రది కరెంటు అందుతున్నదనడానికి గుర్తు. పచ్చది మెమరీ కార్డును చదివేటప్పుడు మిణుకుమంటుంది.

మెరుపు = దీని సంగతి కింద.

అన్వయము

కవి పాదాలను తలకిందులుగా పేర్చాడు. కష్టం చెప్పుకునే వాళ్లందరూ అంతే, ముందు ఫలితం చెప్పి కారణాన్ని చివర దాస్తారు. దండాన్వయం చేస్తే ఇలా వస్తుంది: ఎవరో ఏదో ముట్టుకున్నారు, మెరుపొచ్చింది, పచ్చది పోయింది, కోడి లేవలేదు. రిపేరు చేయడమంటే సగం ఈ అన్వయమే.

శంకా సమాధానములు

ఎండకు వేడెక్కి ఆగిందేమోనని మా బావమరిది పూర్వపక్షం. వైశాఖంలో మా వైపు కాకులు కూడా నీడ వెతుక్కుంటాయి గనుక ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఈ బోర్డు 80 డిగ్రీలు దాటితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. కానీ అప్పుడు తెరమీద థర్మామీటరు బొమ్మ వస్తుంది. మూలంలో థర్మామీటరు లేదు, మెరుపుంది. కవి అనని మాట మనం అనిపించరాదు.

టీవీ ముందు వెయ్యకుండా బోర్డు ముందు వేశారేమోనని మరొక శంక. అలా చేస్తే ఒక్కోసారి బొమ్మ రాదు, నిజమే. ‘హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్’ అన్న వరుసకు ఒకటి అంకె తగిలిస్తే సరిపోతుంది. కానీ అప్పుడు తెర నల్లగా ఉన్నా లోపల పచ్చది మిణుకుతూనే ఉండాలి. ‘పచ్చది లేదు’ అన్న రెండు మాటలతో ఈ శంక కూడా పోయింది. ఇంత క్లుప్తంగా చెప్పగలిగిన కవి మొదటి పాదంలో కోడి అని మోసం ఎందుకు చేశాడో తెలియదు.

మెరుపు

ఇది శ్లేష. వైశాఖంలో సాయంత్రం గాలిదుమారంతో పాటు పిడుగులు మామూలే, కాబట్టి ఆకాశపు మెరుపే ముందు తోస్తుంది. ఫోన్ చేసి అడిగాను.

“మామయ్యా, మెరుపు ఎక్కడ, ఆకాశంలోనా?”

“ఆకాశంలో ఎందుకొస్తదయ్యా, టీవీలో. పైన మూలకు, పసుప్పచ్చగా.”

శ్లేష విడిపోయింది. బోర్డుకు అందే విద్యుత్తు 4.63 వోల్టుల కిందికి జారితే తెర మూలన పడే పిడుగు గుర్తు అది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన జనానికి హెచ్చరిక విలువ చెప్పక్కర్లేదు. అక్కడ నీరు పెరిగితే ప్రమాదం, ఇక్కడ తగ్గితే. అందుకే మామయ్యగారు కంగారుపడలేదు. సినిమా ఆగేదాకా చూశారు.

ఈ బోర్డుకు 5 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కావాలి. సినిమాలున్న హార్డ్ డిస్కు కూడా దీన్నుంచే కరెంటు తాగుతుంది, మొత్తం ఒకటిన్నర ఆంపియర్లు అనుకుందాం. సన్నటి ఫోను వైరుకు 0.3 ఓముల నిరోధముంటే దారిలోనే 0.45 వోల్టులు ఖర్చు. బోర్డుకు దక్కేది 4.55. ఉపమ కావాలంటే దగ్గర్లోనే ఉంది: పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న వసూలు చేసిన సొమ్ము గోల్కొండకు చేరలేదు. అయితే ఆ సొమ్ముకు గుడి వెలిసిందని కథ, ఈ వోల్టులకు వైరు వేడెక్కడం తప్ప పుణ్యం లేదు.

బోర్డు అలా తూలుతూ ఉండగా, కార్డు మీద ఏదో రాస్తున్న క్షణంలో ఆరిపోతే ఆ రాత సగంలో ఆగుతుంది. మళ్లీ వేస్తే కార్డు చదవడానికి రాదు. మరి వోల్టులు తక్కువైతే ఎర్రది కూడా ఆరాలి కదా అంటారా? మంచి ప్రశ్న. కార్డు దొరకని బోర్డు చేసే పనేమీ లేదు, ఖాళీగా కూర్చున్నదానికి ఆ వైరు సరిపోతుంది. అందుకే ఎర్రది నిక్షేపంగా వెలుగుతోంది.

నేనైతే ఏం ముట్టుకోలే

కావ్యానికి ప్రాణం ఈ పాదం. ‘నేను ముట్టుకోలే’ అంటే చాలు, ‘ఐతే’ ఎందుకు? ఇది అన్యవ్యవచ్ఛేదం: ముట్టుకున్నవారు వేరొకరు ఉన్నారని, వారెవరో కవికి తెలుసునని, ఇంట్లో ఉండి ఆ పేరెత్తే ధైర్యం లేదని ధ్వని. ఫోన్ అత్తయ్యకు ఇవ్వమన్నాను.

“ఆ తెల్ల చార్జరా? దాంతోనైతే నా ఫోను జల్ది ఎక్కుతది బాబూ. వంటింట్లో పెట్టుకున్న. ఊరికే పోనీలే, దానికి నా పాతది పెట్టిన గదా.”

పాతదాని మీద చిన్న అక్షరాల్లో ఒక ఆంపియరు అని ఉన్నట్టు ఫొటో పంపమంటే తేలింది.

తాత్పర్యము

కార్డును తీసి, రాగి రంగు గీతలను మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టమన్నాను. పచ్చది మిణకలేదు. ఇక్కడే కొత్త కార్డు మీద వ్యవస్థ మొత్తం రాయించి, కాగితంలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి, భద్రాచలం బస్సెక్కుతున్న చుట్టాల చేతికిచ్చాను. సినిమాలు హార్డ్ డిస్కులో భద్రంగా ఉన్నాయి. తెల్ల చార్జరును వంటింట్లోంచి యథాస్థానానికి చేర్చే బాధ్యత మామయ్యగారు తీసుకున్నారు. ఎలా చేర్చారో మూలంలో లేదు, కాబట్టి నేను రాయను.

మర్నాడు రాత్రి ఆయన్నుంచి ‘కోడి లేచింది’ అని ఒకే పాదం వచ్చింది. వెనకాలే అత్తయ్య నంబరు నుంచి ఇంకొకటి:

‘నా ఫోను ఎక్కుతలేదు బాబూ.’

దీనికి టీక రాయలేదు. వెళ్లి చార్జరు కొన్నాను.