ఘంటసాలకు ఫ్లాటులో చోటు

అట్టతో కలిపి ఒక ఎల్పీ రికార్డు దాదాపు పావుకిలో తూగుతుంది. మా ఇంట్లో ఉన్నవి ఆరు వందలు. అంటే క్వింటాలున్నర సంగీతం. ఇన్నేళ్లూ ఆ బరువు మోసింది గోడ బీరువా కాబట్టి నాకు తెలిసిరాలేదు. ఇల్లు బిల్డరుకిచ్చి పదకొండో అంతస్తు ఫ్లాటుకు మారాల్సి వచ్చింది. సామాను అంచనా వేయడానికొచ్చిన ప్యాకర్సు కుర్రాడు ఒక వరసను కదిపి చూసి, "షాబాదు బండలు కూడా తీసుకెళ్తున్నారా సార్?" అన్నాడు.

మా ఆవిడ అప్పటికే కొత్త ఫ్లాటు కొలతలు కాగితం మీద రాసి పెట్టుకుంది. "దేవుడి మందిరానికే చోటు లేదండీ. ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేసి, ఆ పళ్లేలు ఎవరికైనా ఇచ్చేయండి" అంది. అమెరికా నుంచి మావాడు వంత పాడాడు. "ఒక వీకెండు పని నాన్నా."

వాడు పెన్‌డ్రైవుల లెక్కలో చెప్పాడు. అక్కడైతే టీ చల్లారేలోపు వెయ్యి పాటలు ఇటునుంచి అటు వెళ్లిపోతాయి. రికార్డు దగ్గర ఆ పప్పులు ఉడకవు. 1948లో కొలంబియా వాళ్లు ఎల్పీని తెచ్చినప్పుడు నిమిషానికి ముప్పై మూడుంపాతిక పైన ఇంకాస్త తిరిగేది, ఈనాడూ అంతే తిరుగుతుంది. నలభై నిమిషాల రికార్డు ఎక్కాలంటే నలభై నిమిషాలు పడుతుంది. మధ్యలో లేచి బోర్లించాలి కూడా. ఆరు వందల్ని నలభైతో హెచ్చవేస్తే నాలుగు వందల గంటలు. ఈ లెక్క ఇంట్లో చెప్పలేదు.

పైగా వైరు తీసుకెళ్లి నేరుగా కంప్యూటరుకు గుచ్చితే కుదరదు. రికార్డు చెక్కేటప్పుడే మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి చెక్కుతారు. లేకపోతే ఒక గాడి పక్క గాడిలోకి పొర్లిపోతుంది. ఆ తగ్గించిందాన్ని మళ్లీ పెంచడానికి ప్రీయాంప్ అనే డబ్బా కావాలి. అది లేకుండా వింటే ఘంటసాల సన్నబడిపోయి లీలగారితో పోటీకి దిగుతారు. డబ్బా వచ్చాక కొత్త బెడద. ముల్లుకు నేల మీద అడుగుల చప్పుడు కూడా పాటే. పక్క వీధిలో బోరు వేస్తుంటే ఆ ఘోష పరీక్షకని పెట్టిన బాలమురళి తంబురాలో కలిసిపోయింది. శ్రుతి కూడా దాదాపు కుదిరింది.

ఇక ఘంటసాల భగవద్గీత. చివరి రోజుల్లో పాడారు. 1974 ఫిబ్రవరిలో పోయారు. అంత గొప్ప రికార్డును మన తెలుగువాళ్లం తీసుకెళ్లి వైకుంఠ రథానికి కట్టేశాం. శ్మశానానికెళ్లే బండిలో అదే, పెద్దకర్మ షామియానాలో అదే. ఎక్కించేముందు ధ్వని సరిచూసుకోవాలంటే గట్టిగా పెట్టక తప్పదు కదా. పొద్దున్నే పెట్టాను, కిటికీలు తెరిచే ఉన్నాయి. రెండో శ్లోకం ముగిసేసరికి ఎదురింటాయన చెప్పులు వీధిలోనే విడిచి లోపలికొచ్చాడు. వెనకే పక్కింటి పిన్నిగారు, కొంగు నోటికడ్డం పెట్టుకుని. హెడ్‌ఫోన్సు మెడలో వేసుకుని నేనే ఎదురెళ్లాను. ఆయన నన్ను చూసి, లోపలి గది వైపు చూసి, గొంతు తగ్గించి, "అయితే... చెల్లెమ్మా?" అన్నాడు. చెల్లెమ్మ వంటింట్లోంచి కాఫీలు పట్టుకొచ్చింది. "ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలుసు గానీ..." అంటూ ఆయన గ్లాసందుకున్నాడు. పలకరింపుకొచ్చి కాఫీ తాగడమేమిటన్న మొహమాటం పిన్నిగారికి చివరిదాకా పోలేదు.

ఆ రికార్డు మీదే ఒకచోట గీత పడింది. కృష్ణుడు ఒక మాట దగ్గర ఆగిపోయి, ఎవరైనా ముల్లు జరిపేదాకా అదే చెబుతూంటాడు. "అర్జునుడికి ఒకసారి చెబితే ఎక్కదురా" అనేవారు మా నాన్నగారు. సాఫ్ట్‌వేర్లో చిటపటలు తీసేసే మీట ఉంది. నొక్కితే పోతాయి, వాటితోపాటు మృదంగం దెబ్బల పదునూ కొంత పోతుంది. దానికి గీతకూ తాళానికీ తేడా తెలియదు. కృష్ణుణ్ణి అలాగే ఉంచాను.

78 స్పీడువి మరో గోల. అవి లక్కతో చేసినవి, చెయ్యి జారితే అంతే. గాడి వెడల్పు కాబట్టి వేరే ముల్లు కొనాలి. పక్కకు మూడు నిమిషాల చిల్లర పాట, కుర్చీలో కూలబడేలోపు అయిపోతుంది. పాండవులు ఒక్క రాత్రిలో లక్క ఇంట్లోంచి బయటపడ్డారంటే, వాళ్లకు సొరంగం ఉంది.

ఇచ్చేయాల్సినవి, ఉంచాల్సినవి అని రెండు దొంతులు పెట్టాం. ఎమ్మెస్ బాలాజీ పంచరత్నమాల ఐదు రికార్డులూ మా ఆవిడే ఉంచాల్సిన వాటిలోకి మార్చింది. నేనేమీ అనలేదు, అనకపోవడమే లాభమని తెలుసు. చివరికి ఇచ్చేసే దొంతిలో మిగిలింది ఒక బోనీ ఎమ్, మా బావమరిది ఇంగ్లీషు నేర్చుకోవడానికి కొన్న పాఠాలు. బోనీ ఎమ్‌ను ప్యాకర్సు కుర్రాడు అడిగి తీసుకున్నాడు.

అకారాది క్రమంలో మొదలుపెట్టిన పని మారే రోజుకు చకారం దాటలేదు. ఎక్కనివి ఎక్కలేదు కాబట్టి ఇవ్వడానికి లేదు. ఎక్కినవి ఒరిజినల్సు కాబట్టి అసలే లేదు. డిస్కులు చెడిపోతాయని మావాడు భయపెట్టాడు. ఇప్పుడు రికార్డులు పోతే ఉంటుందని ఒక డిస్కు, అది పోతే ఉంటుందని ఇంకో డిస్కు, రెండూ పోతే ఉంటాయని రికార్డులు. దేవుడి మందిరం హాల్లో గోడకెక్కింది.

మీరూ ఇలా మారబోతుంటే నాదొక మనవి. రికార్డుల్ని పడుకోబెట్టి పేర్చకండి, వంగిపోతాయి. నిలబెట్టి, చిన్న పెట్టెల్లో కట్టించండి. లిఫ్టు పనిచేస్తోందో లేదో ముందే కనుక్కోండి. భగవద్గీత పెట్టేముందు ఇరుగుపొరుగుకు ఒక మాట చెప్పండి.